ఆ బొగ్గు ఉండలో కలిపిన జిగురు ఏది?

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం తిరుపతిలో మా బావమరిది ఇంటికి వెళ్తూ, అలిపిరి వైపు పోయే దారిలో మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే ఒక బండి దగ్గర ఆగాను. అప్పుడే వాన వెలిసింది. కొండ మీద మబ్బు సగం దాకా దిగి ఉంది. అలాంటి వేళ కంకి కాలే వాసన ఎవరినైనా ఆపుతుంది. కానీ ఆ రోజు కంకి వాసన కంటే ముందు నాకు మరొక వాసన తగిలింది. రోడ్డు పనుల దగ్గర తారు కాచే డ్రమ్ము పక్కన నిలబడితే గొంతులోకి దిగే వాసన అది. బండి ఆమె చేత్తో తిప్పే చిన్న బ్లోయరును తిప్పుతూ ఉంది. ఇనుప తట్టలో బొగ్గులు ఒక వైపు ఎర్రగా, ఒక వైపు ఇంకా నల్లగా ఉన్నాయి. నల్లగా ఉన్న వైపు నుంచి పసుపు కలిసిన పొగ తాడులాగా లేచి, తిప్పి తిప్పి కాలుస్తున్న కంకి గింజలను రాసుకుంటూ పైకి పోతోంది.

“ఏం బొగ్గులమ్మా ఇవి?” అని అడిగాను.

“కట్టెబొగ్గు రేటు పెరిగిపోయింది సార్. ఇవి సగం రేటుకే వస్తాయంటే ఒక మూట తీసుకుంటి. అంటుకునేదాకా కండ్లు మంట, అంటుకున్నాక మాత్రం బాగా నిలస్తాయి” అంది.

బండి కింద ఉన్న మూటను చూపించమంటే లాగి చూపించింది. పాత సిమెంటు సంచీ. దాని మీద ఈ సరుకు తయారు చేసినవారి పేరు లేదు, ఊరు లేదు, దేనితో చేశారో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. లోపల కోడిగుడ్డు కంటే కాస్త పెద్దవి, రెండు రోలర్ల మధ్య ఒత్తినట్లు నడుమ అంచు తేలిన నల్లని ఉండలు ఉన్నాయి. నాలుగింటిని అడిగి తీసుకుని, కంకి డబ్బుతో పాటు వాటి డబ్బూ ఇచ్చి వచ్చాను. కంకిని మాత్రం తినలేకపోయాను.

ఆ వాసన నాకు కొత్త కాదు. చిత్తూరు చుట్టుపక్కల జ్యూస్ ఫ్యాక్టరీలలో బాయిలర్ దగ్గర ఇరవై ఆరేళ్లు పని చేసి మూడేళ్ల కిందట మానుకున్నాను. మామిడి గుజ్జు తీసే కర్మాగారాన్ని మా వైపు అందరూ జ్యూస్ ఫ్యాక్టరీ అనే అంటారు. తోతాపురి కాయ ర్యాంపులకు, అంటే మామిడి కొనే చోట్లకు, రావడం మొదలైన నాటి నుంచి రెండు నెలల పాటు అక్కడ పగలూ రాత్రీ ఒకటే. గుజ్జును వేడి చేయడానికి, డబ్బాలను శుద్ధి చేయడానికి ఆవిరి కావాలి. ఆవిరి ఆగితే లైను ఆగుతుంది, లైను ఆగితే గేటు బయట ట్రాక్టర్లలో కాయ మగ్గిపోతుంది. అందువల్ల సీజన్‌లో ఆవిరి వస్తోందా లేదా అని అందరూ అడుగుతారు గానీ, బాయిలర్‌లో ఏం వేస్తున్నారని అడిగేవాళ్లు ఉండరు.

మా బాయిలర్లకు మామూలుగా కట్టె, వేరుశనగ పొట్టు, ఆ పొట్టును యంత్రంలో ఒత్తి చేసిన బ్రికెట్లు వేసేవాళ్లం. ఒక ఏడాది సీజన్ నడుమ వానలు పట్టుకుని కట్టె తడిసిపోయింది, పొట్టు దొరకలేదు. యాజమాన్యం ఎక్కడి నుంచో రెండు లారీల బొగ్గు ఉండలు తెప్పించింది. మొదటి తట్ట లోపల వేసి తలుపు మూసిన కాసేపటికి మా ఫైర్‌మన్, నాకంటే పదేళ్లు పెద్దాయన, తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి, “ఇది బొగ్గు వాసన కాదు నాయనా, రోడ్డేసే కాడ వచ్చే వాసన” అన్నాడు. వారానికి ఒకసారి బాయిలర్‌లో పొగ పోయే ట్యూబులు శుభ్రం చేసేటప్పుడు పొట్టు మసి అయితే బ్రష్షుకు పొడిగా రాలేది. ఈసారి బ్రష్షు తోముతుంటే మసి రాలలేదు, జారింది. వేలికి అంటుకున్నది కిరోసిన్‌తో తప్ప పోలేదు. గ్రేటు, అంటే మంట కింద ఉండే ఇనుప జాలీ మీద బూడిద కరిగి, ఇనుప కిట్టంలాగా పెంకు కట్టి, ఊచతో కొట్టి విరగ్గొట్టవలసి వచ్చింది. మరుసటి ఏడాది తనిఖీలో చిమ్నీ వైపు ట్యూబుల చివర్లు ఏదో కొరికినట్లు పలచబడి ఉన్నాయి.

కొనుగోళ్లు చూసే ఆయనతో అప్పట్లోనే మొర పెట్టుకున్నాను. “లోపల వెయ్యి డిగ్రీల వేడి ఉంటుంది కదయ్యా, ఆ వేడికి ఏదైనా కాలి బూడిదైపోతుంది” అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే అలా అనుకున్నారు. ఆయనే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. ఆ మాటకు ఆనాడు నా దగ్గర జవాబు లేకపోయింది. తర్వాత చదివి, అడిగి, నా చేతులతో కాల్చి చూసి తెలుసుకున్న జవాబును ఇప్పుడు రాస్తున్నాను.

బొగ్గు తవ్విన చోట, ఓడ దింపిన చోట, లారీ కుమ్మరించిన చోట, అది చేతులు మారిన ప్రతిచోటా అడుగున దుమ్ము మిగులుతుంది. ఆ దుమ్మును అలాగే గ్రేటు మీద వేస్తే కొంత సందుల్లోంచి కిందికి రాలుతుంది, కొంత గాలికి లేచి కాలకుండానే చిమ్నీ దారి పడుతుంది. కాబట్టి దానిని ఉండ కట్టి వాడుకోవడం తప్పేమీ కాదు, పైగా మంచి పొదుపు. మా అమ్మ కూడా బొగ్గుల మూట అడుగున మిగిలిన పొడిని పేడతోనూ ఎర్రమట్టితోనూ పిసికి ఉండలు చేసి, గోడ వారగా ఎండబెట్టి, స్నానాల నీళ్ల రాగి బాయిలర్‌లో వేసేది. వేరుశనగ పొట్టును ఒత్తినప్పుడు ఆ ఒత్తిడికి పుట్టే వేడికి పొట్టులోనే ఉన్న లిగ్నిన్ అనే సహజ పదార్థం మెత్తబడి, చల్లారాక గట్టిపడి ముక్కను పట్టి ఉంచుతుంది. గట్టి బొగ్గు దుమ్ముకు ఆ గుణం లేదు. దానికి బయటి నుంచి జిగురు కలపక తప్పదు, తయారీదారులు దానినే బైండర్ అంటారు. ఉండలో జిగురు పాలు నూటికి ఐదో పదో ఉంటుంది. మిగిలిన తొంభై పాళ్లను చూసి మనం దానిని బొగ్గు అని పిలుస్తాం. ఆ ఐదు పది పాళ్లే దాని పొగ స్వభావాన్ని మార్చేస్తాయి.

జిగురుగా పనికి వచ్చేవి ఎన్నో ఉన్నాయి. గంజి, చెరకు ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్, బంకమట్టి, సున్నం, సిమెంటు, కాగితపు పరిశ్రమలో కట్టె గుజ్జును ఉడికించగా మిగిలే లిగ్నోసల్ఫోనేటు, కోక్ బట్టీలలో దిగే కోల్ తారును మరిగించగా అడుగున మిగిలే పిచ్ అనే గట్టి తారు, పెట్రోలియం తారు, ఇవన్నీ ప్రపంచమంతటా వాడినవే, వాడుతున్నవే. వీటిలో గంజికి డబ్బు పెట్టి కొనాలి. వ్యర్థానికి అలా కాదు. వ్యర్థం ఉన్న కర్మాగారం దానిని చట్ట ప్రకారం వదిలించుకోవాలంటే తానే ఎదురు డబ్బు కట్టాలి. ఉండలు చేసేవాడు దానిని ఊరికే తీసుకుపోతానంటే ఇద్దరికీ లాభమే. డిస్టిలరీ మడ్డి, వాడేసిన ఇంజిన్ ఆయిల్, రంగుల అద్దకపు నీటిని శుద్ధి చేయగా మిగిలిన బురద, కరిగిన ప్లాస్టిక్, రసాయన కర్మాగారాల్లో స్వేదన పాత్రల అడుగున మిగిలే జిడ్డు ముద్ద లాంటివి జిగురు పేరుతో ఉండలోకి చేరే దారి ఇదే. పారేయడానికి చోటు లేని సరుకు ఇంధనమనే పేరు పెట్టుకుని, అవసరం ఉన్నవాడి చేత డబ్బులు ఇప్పించుకుని మరీ అతని పొయ్యిలోకి వస్తుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

ఇక ఆ పెద్దమనిషి అన్న వేడి సంగతి. జిగురులో ఉన్నవాటిని రెండు రకాలుగా విడదీసి చూడాలి. కొన్ని బాగా మండిస్తే పోతాయి, కొన్ని ఎంత బాగా మండించినా పోవు.

తారు మొదటి రకం. ఉండ వేడెక్కేటప్పుడు మొదట తేమ పోతుంది, తర్వాత దాదాపు మూడు వందల డిగ్రీలు దాటాక జిగురులోని నూనెలు, తారు ఆవిరులై బయటికి వస్తాయి, అన్నిటికంటే ఆఖరున బొగ్గు కణం ఎర్రబడి కాలుతుంది. ఎర్రని మంటలోకి కొంచెం కొంచెంగా, చాలినంత గాలితో వేస్తే ఆ ఆవిరులు చాలావరకు మంటలోనే కాలిపోతాయి. కొత్తగా వెలిగించినప్పుడు, చల్లని పొయ్యిలో ఒక్కసారి నిండా వేసినప్పుడు, గాలి చాలనప్పుడు అవి కాలవు, కాలకుండానే పసుపు పొగగా లేచి చల్లబడి సన్నని జిడ్డు తుంపరలవుతాయి. “అంటుకునేదాకా కండ్లు మంట” అని ఆ బండి ఆమె చెప్పింది దీని గురించే. ఈ జిడ్డులో క్యాన్సర్ కలిగించే బెంజోపైరీన్, దాని జ్ఞాతులైన పదార్థాలు ఉంటాయి. లండన్‌లో పొగగొట్టాలు తుడిచే కుర్రవాళ్లకు మసి వల్ల చర్మ క్యాన్సర్ వస్తోందని పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లోనే రాశాడు. 1915లో జపాన్‌లో యమగివా, ఇచికావా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేళ్ల చెవులకు నెలల తరబడి కోల్ తారు పూసి క్యాన్సర్ పుట్టించి చూపించారు. 1930లలో ఆ పిచ్ నుంచే బెంజోపైరీన్‌ను విడదీశారు. పిచ్‌తో బొగ్గు ఉండలు చేసిన సౌత్ వేల్స్ కార్మికులలో చర్మంపై పులిపిర్లు లేచి కొందరికి క్యాన్సర్‌గా మారడం వైద్య గ్రంథాలకు ఎక్కిన సంగతి. ఈనాడు బెంజోపైరీన్, కోల్ తారు పిచ్, ఇళ్లలో బొగ్గు కాల్చగా వచ్చే పొగ, ఈ మూడింటినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తాయని నిర్ధారణ అయిన మొదటి వర్గంలో పెట్టింది.

మన దేశపు గాలి ప్రమాణాలలో కూడా బెంజోపైరీన్ ఉంది. 2009 ప్రమాణాల ప్రకారం ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో అది 1 నానోగ్రాము మించకూడదు. గ్రాములో వంద కోట్లవ వంతు అన్నమాట. చిత్తూరు పట్టణం జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో చేర్చిన పదమూడు ఆంధ్ర పట్టణాలలో ఒకటి. అయితే ఆ కార్యక్రమంలో పట్టణం బాగుపడిందా లేదా అని చూసే కొలత ధూళి బరువు. వీధి దుమ్ము గ్రాము, తారు జిడ్డు గ్రాము ఆ త్రాసులో ఒక్కటే. ఊపిరితిత్తికి ఒక్కటి కావు.

రెండో రకం గంధకం. దీనిని వేడి ఏమీ చేయలేదు. బాగా మండితే అది మరింత పూర్తిగా సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, అంతే. ఒక కిలో గంధకానికి రెండు కిలోల వాయువు వస్తుంది. బాయిలర్ మనిషిగా నేను వేసుకున్న లెక్క ఇక్కడ చెప్తాను. నూటికి అర పాలు గంధకం ఉన్న మంచి బొగ్గు టన్ను కాలిస్తే 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. అదే బొగ్గు దుమ్ము 920 కిలోలకు, నూటికి ఐదు పాళ్లు గంధకం ఉన్న లిగ్నోసల్ఫోనేటు రకం జిగురు 80 కిలోలు కలిపి ఉండలు చేశారనుకుందాం. బొగ్గు నుంచి 9.2 కిలోలు, జిగురు నుంచి 8 కిలోలు, మొత్తం 17.2 కిలోలు. జిగురు నూటికి ఎనిమిది పాళ్లే, అయినా విషవాయువు డెబ్బై శాతం పెరిగింది.

ఇది చిమ్నీ దాకా పోయే విషయం. మన దేశంలో బాయిలర్ చిమ్నీ ఎత్తును గంటకు ఎన్ని కిలోల సల్ఫర్ డయాక్సైడ్ వస్తుందో దానిని బట్టి లెక్క కడతారు. ఆ అంకెను 0.3 ఘాతానికి పెంచి 14తో గుణిస్తే మీటర్లలో ఎత్తు వస్తుంది. గంటకు 500 కిలోల బొగ్గు తినే బాయిలర్‌కు పై లెక్కలో మామూలు బొగ్గుతో దాదాపు 23 మీటర్లు చాలు. ఆ జిగురు ఉండలతో దాదాపు 27 మీటర్లు కావాలి. అంటే ఇంధనం మార్చిన రోజున, ఇటుక ఒక్కటి కదలకుండానే, చిమ్నీ నాలుగు మీటర్లు పొట్టిదైపోయింది. ఆ లోటును భరించేది చుట్టూ ఉన్న ఇళ్లు, మామిడి తోపులు. మా ట్యూబుల చివర్లను కొరికింది కూడా ఈ గంధకమే అయి ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే పొగ చల్లబడే చివరి భాగంలోనే ఆమ్లం చెమటలాగా పడుతుంది. సున్నం కలిపిన ఉండలైతే కొంత గంధకాన్ని బూడిదలోనే పట్టి ఉంచుతాయి. అయితే మంట మరీ వేడెక్కితే ఆ పట్టు కూడా వదులుతుంది.

క్లోరిన్ ఇంకా చిక్కు. పీవీసీ లాంటి ప్లాస్టిక్, కొన్ని రసాయన వ్యర్థాలు దానిని తెస్తాయి. కాలినప్పుడు అది హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువుగా మారుతుంది. లోపల వెయ్యి డిగ్రీలు ఉన్నా సరే, పొగ చిమ్నీ దారిలో 450 నుంచి 200 డిగ్రీల దాకా చల్లబడేటప్పుడు, మసి కణాల మీద, రాగి లాంటి లోహాల తోడుతో అది మళ్లీ కర్బనంతో కలిసి డయాక్సిన్లు అనే విషపదార్థాలుగా మారగలదు. అంటే మంటలో విరిగిపోయినది దారిలో మళ్లీ అతుక్కుంటుంది. ప్రమాదకర వ్యర్థాలను కాల్చే ఇన్సినరేటర్లలో రెండో గది 1100 డిగ్రీలు ఉండాలని, వాయువు అక్కడ కనీసం 2 సెకన్లు నిలవాలని, తర్వాత పొగను చటుక్కున చల్లార్చాలని, చిమ్నీలో డయాక్సిన్లు ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాము మించకూడదని నిబంధనలు పెట్టింది ఇందుకే. జ్యూస్ ఫ్యాక్టరీ బాయిలర్‌లో ఆ ఏర్పాట్లేవీ ఉండవు. కంకుల బండి ఇనుప తట్ట సంగతి చెప్పనే అక్కర్లేదు.

లోహాలు కాలడం అనేదే లేదు. ఉన్న సీసం, జింకు, క్రోమియం అన్నీ బూడిదలోకో పొగలోకో పోవలసిందే. క్రోమియం ఒక్కదాని గురించి చెప్పాలి, ఎందుకంటే చిత్తూరు దాటి తమిళనాడులో అడుగు పెడితే రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు పరిశ్రమలు మనకు దగ్గర. తోలును పదును చేయడానికి వాడే క్రోమియం మూడో స్థితిలో ఉంటుంది, అది అంత విషం కాదు. దాని బురదను సున్నం, గాలి తోడుగా కాలిస్తే కొంత ఆరో స్థితికి మారుతుంది. నీటిలో కరిగే, క్యాన్సర్ తెచ్చే రూపం అది. ఆ బురద ఈ ఉండల్లోకి వచ్చిందని నేను అనడం లేదు. కాల్చడం వల్ల వ్యర్థం శుద్ధి కాకపోగా మరింత చెడ్డదిగా మారే సందర్భం ఒకటి ఉందని చూపడానికే చెప్పాను.

తెచ్చుకున్న నాలుగు ఉండలతో మా బావమరిది ఇంటి మేడ మీద నేను చేసినవి చిన్న పరీక్షలే. ఆయన కళాశాలలో రసాయన శాస్త్రం చెప్తారు కాబట్టి పక్కన ఉండి చేయించారు. మొదటి ఉండను రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచాం. గంజి, మొలాసిస్, లిగ్నోసల్ఫోనేటు లాంటి జిగుర్లు నీటిలో నానుతాయి, ఉండ ఉబ్బి విచ్చుకుని నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. తారు, నూనె జిగురైతే నీటిని తాకనివ్వదు. పొద్దున చూస్తే మా ఉండ ఎలా వేసింది అలాగే ఉంది. నీటి మీద మాత్రం పెట్రోలు బంకు దగ్గర వాననీటి గుంటలో కనిపించే రంగురంగుల పొర తేలుతోంది.

రెండో ఉండను చిన్న కుంపట్లో కట్టెబొగ్గు నిప్పుల మీద పెట్టి, పొగ మొదలవగానే చల్లని స్టీలు పళ్లెం ఒక నిమిషం పైన పట్టాం. పక్కన వట్టి కట్టెబొగ్గు మీద మరొక పళ్లెం పట్టాం. రెండో పళ్లెం మీద పడిన పొడి మసిని బట్టతో తుడిస్తే పోయింది. మొదటి దాని మీద తేనె రంగు అంచుతో నల్లని జిడ్డు పొర పడింది, సబ్బు పెట్టి తోమినా అంచు గీత నిలిచిపోయింది. ఆ గీత పళ్లెం మీద పడకపోతే కంకి గింజల మీద పడుతుంది. ఆ పళ్లెం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అన్నానికి వాడడం లేదు.

మూడో ఉండను పగలగొట్టి చూస్తే బొగ్గు గరుకు మధ్యలో అక్కడక్కడ మెరిసే బూడిద రంగు పోగులు కనిపించాయి. బావమరిది ఒక రాగి తీగను ఎర్రగా కాల్చి, మంటకు రంగు రాకుండా పోయేదాకా ఉంచి, ఆ పోగుకు తాకించి మళ్లీ మంటలో పెట్టారు. మంట అంచు ఒక్క క్షణం ఆకుపచ్చగా మెరిసింది. క్లోరిన్ ఉన్న పదార్థానికి అది గుర్తు అన్నారు. ఇది సూచనే గానీ రుజువు కాదని, ఎంత ఉందో చెప్పాలంటే ప్రయోగశాలలో కొలవాలని కూడా ఆయన గట్టిగా చెప్పారు. ఈ పరీక్షను మూసిన గదిలో ఎవరూ చేయవద్దు.

కంకి, పొగ అనే రెండు మాటలు పక్కపక్కన వచ్చినప్పుడల్లా నాకు చైనాలోని గ్విజౌ గుర్తుకు వస్తుంది. అక్కడి కొండ పల్లెల్లో కోతల కాలంలో ముసురు వల్ల మొక్కజొన్న, మిరపకాయ ఆరుబయట ఎండవు. ఇంట్లోనే పొగగొట్టం లేని బొగ్గు పొయ్యి పైన వేలాడదీసి ఎండబెట్టేవారు. ఆ పొయ్యిలో వేసేది బొగ్గుపొడిని స్థానికంగా దొరికే బంకమట్టితో కలిపి చేసిన ఉండలు. లక్షల మందికి పళ్లు గారపట్టి, ఎముకలు వంకర పోయి, కీళ్లు బిగిసిపోయాయి. ఫ్లోరోసిస్ అంటే మనకు ప్రకాశం జిల్లా బోరు నీళ్లు గుర్తుకు వస్తాయి, వాళ్లకు అది పొగ పట్టిన మిరపకాయల నుంచీ కంకుల నుంచీ వచ్చింది. ఆరా తీస్తే ఆ ఫ్లోరిన్‌లో ఎక్కువ భాగం జిగురుగా కలిపిన బంకమట్టిదేనని పరిశోధకులు తేల్చారు. బంకమట్టిలాంటి అమాయకమైన పదార్థమే అంత పని చేసినప్పుడు, పేరు తెలియని జిగురును తినే వస్తువు కింద ఎలా పెడతాం?

పొగ కనిపించడం మానితే చాలనుకోవడమూ ప్రమాదమే. మంగోలియా రాజధాని ఉలాన్‌బాటర్‌లో 2019 మే నుంచి పచ్చి బొగ్గును నిషేధించి, మెరుగైన బొగ్గు ఉండలు ఇచ్చారు. గాలిలో సన్నని ధూళి తగ్గింది. కానీ ఆ ఏడాది చలి మొదలవగానే కార్బన్ మోనాక్సైడ్ సోకి ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. వానకు పరదా దించిన బజ్జీల బండి కింద, తలుపులు మూసిన గదిలోని కుంపటి దగ్గర ఈ సంగతి గుర్తుండాలి.

చట్టం లేదా అంటే ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలలో తొమ్మిదో నిబంధన ప్రకారం, అలాంటి వ్యర్థాన్ని ఇంధనంగా గానీ మరొక సరుకులో ముడిపదార్థంగా గానీ వాడాలంటే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలను అనుసరించి రాష్ట్ర మండలి ముందుగా అనుమతి ఇవ్వాలి. వ్యర్థం కదిలిన ప్రతిసారీ దాని వెంట కాగితం కదలాలి. వ్యర్థాన్ని కాల్చడానికి తగిన చోటు కూడా ఉంది. సిమెంటు బట్టీలో సరుకు 1450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న సున్నం ఆమ్లాలను పట్టేస్తుంది. అలాంటి బట్టీలు మనకు ఎర్రగుంట్ల దగ్గరే ఉన్నాయి. దుమ్ములో కలిపి ఉండ చేయగానే ఆ కాగితం దారి తెగిపోతుంది, అక్కడి నుంచి దానిని అందరూ బొగ్గు అనే అంటారు. చిన్న బాయిలర్లకు చిమ్నీలో ధూళి పరిమితి గంటకు 2 టన్నుల లోపు ఆవిరి ఇచ్చేవాటికి ఘనపు మీటరుకు 1200 మిల్లీగ్రాములు, 2 నుంచి 10 టన్నుల లోపు వాటికి 800. ధూళి ఆ గీత లోపల ఉంటే ఆ పరిమితి మేరకు ఆ బాయిలర్‌కు మచ్చ లేదు. ధూళి దేనితో తయారైందని ఆ అంకె అడగదు.

ఇంగ్లండులో 2021 మే నుంచి ఇళ్లలో కాల్చే బొగ్గు ఉండలకు ఒక నియమం పెట్టారు. గంధకం నూటికి 2 పాళ్ల లోపు ఉండాలి, పొగ గంటకు 5 గ్రాముల లోపు ఉండాలి, పరీక్షలో నెగ్గినట్లు గుర్తు సంచీ మీద ఉండాలి. మన దగ్గర బిస్కెట్ పొట్లం మీద కూడా ఏమేం కలిపారో రాసి ఉంటుంది. ఇంధనపు సంచీ మీద జిగురు పేరు, గంధకం, క్లోరిన్, బూడిద పాళ్లు రాయించడం కష్టమైన పని కాదు. అది వచ్చేదాకా, లారీల లెక్కన కొనే ఫ్యాక్టరీలు ఆర్డరు కాగితంలోనే ఈ నాలుగూ అడగవచ్చు. అడిగితే ఇవ్వలేనివాడు పక్కకు తప్పుకుంటాడు. ఇప్పుడు పని చేస్తున్న బాయిలర్ కుర్రవాళ్లు ఫోను చేసి అడిగితే నేను చెప్పేది ఒక్కటే: లారీ దింపకముందు ఒక ఉండను బకెట్‌లో వేయండి, ఒక దానిని బయట కాల్చి వాసన చూడండి, రంగుల పొర గానీ తారు వాసన గానీ వస్తే సంతకం పెట్టకండి.

మంచి జిగురు మన ఊళ్లలో లేక కాదు. చెరకు పండే జిల్లాలో మొలాసిస్‌కు, బియ్యం తినే దేశంలో గంజికి కొరత ఏముంటుంది? ఉండ వానకు విచ్చిపోతుందని తయారీదారులు వాటిని ఇష్టపడరు. కప్పు కింద నిల్వ చేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. మొలాసిస్‌లో కూడా పొటాషియం, కొంత గంధకం ఉంటాయి, వాటి బూడిద ట్యూబులకు అంటుకుంటుంది. అయినా మసిని బ్రష్షుతో తోముకోవడం మా పనే, దానికి మాకు అభ్యంతరం లేదు.

పది రోజుల తర్వాత మళ్లీ తిరుపతి వెళ్లినప్పుడు ఆ బండి దగ్గరికి పళ్లెం పట్టుకుని వెళ్లాను. ఆమె కొంగుతో పళ్లెం అంచు తుడిచి చూసింది, గోటితో గీకి చూసింది, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “నా బిడ్డ రోజూ ఈడనే కూసోని తింటాది సార్” అంది. అంటుకునేదాకా పొగను భరించేది ఆమె, పొగ పట్టిన కంకి తినేది ఆ పిల్ల. ఆ రోజు తట్టలో కట్టెబొగ్గే ఉంది గానీ, సగం మూట ఇంకా బండి కిందే ఉంది. “డబ్బు పెట్టి కొన్నాను కదా, దీన్నేం జేసేది సార్? ఇంకొకరికి అమ్మితే వాళ్లు కాలుస్తారు” అని అడిగింది. కాలువలో పారేయమని చెప్పలేను, కాల్చమని అసలే చెప్పలేను.

ఆమె చెల్లించినంత ఇచ్చి ఆ సగం మూటను నేనే చిత్తూరు తెచ్చుకున్నాను. ఒక కిలో సరుకును రెండు కవర్లలో కట్టి, కొన్న చోటు, తేదీ, మేడ మీద చూసిన మూడు సంగతులు రాసి, పరీక్ష చేయించమని సంబంధిత కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. మిగిలినది మా పశువుల కొట్టం పక్కన, వాన తగలకుండా టార్పాలిన్ కప్పి, పిల్లలు ముట్టుకోకుండా ముళ్లకంప అడ్డం పెట్టి ఉంచాను.